ఆరడుగుల జాగ

టేపు నాదే.
టైల్సు పరిచే చేతికి గది కొలవడం కొత్తేం కాదు,
ఒక మనిషి భుజం కోసం నేల కొలవడం
ఇదే మొదలు.

దోహా సనయ్య, రెండో అంతస్తు, ఏడో నంబరు గది.
నాలుగు జంట మంచాలు, ఎనిమిది పెట్టెలు,
ఒక కెటిల్, ఒక అన్నం కుక్కర్,
తాడు మీద ఎన్నడూ పూర్తిగా ఆరని తువాళ్లు.
వీటి నడుమ పోశెట్టికి
ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు కావాలె.

ఆరు, మూడు అనంగనే
అందరం ఒక్కసారి ఊకున్నం.
మస్తాన్ వలి లేచి తన పెట్టె మంచం కిందికి తోసిండు.
పట్టలే.
లోపలి దుప్పటి తీసేసి ఇంకోసారి తోసిండు.

ఆసుపత్రిలో మలయాళీ చెల్లె
కాగితం మీద బొమ్మలేసి ఇచ్చింది:
ముఖం లేని మనిషి, చేతి పక్కన బాణం గుర్తులు,
పదేసి సార్లు, రోజుకు మూడు పూటలు.
మీ ఇంట్ల ఖాళీ జాగ ఉందా అనడిగిందట.
ఉందన్నడు పోశెట్టి.
వాని అబద్ధాన్ని నిజం చేసే పని మా మీద పడ్డది.

శుక్రవారం పొద్దంతా మంచాలు జరిపినం.
కిటికీ పక్కది తిప్పితే
తలుపు సగమే తెరుచుకుంటున్నది.
"సగం చాల్లేప్పా, మన గదికేమన్నా ఏనుగులొస్తాయా"
అన్నడు రాయచోటి సుబ్బరాయుడు.
ఆయనే పంచరు షాపు నేపాలీని అడిగి
చినిగిన సైకిల్ ట్యూబు తెచ్చి
పొడుగ్గా కోసి, సబ్బుతో కడిగి,
మంచం కోడుకు కట్టి, గుంజి చూసి,
తనే ముందు కెవ్వుమన్నడు. నడుము పట్టేసింది.

అర లీటరు సీసాల్లో ఇసుక పోసింది నేను.
ఈ దేశంలో కొనక్కరలేనిది అదొక్కటే.
అలవాటు కొద్దీ జల్లించి పోసిన,
మాలు కలపబోతున్నట్టు.

గిలక మాత్రం వాడే బిగించుకున్నడు.
పన్నెండేండ్లు రిగ్గరు పని.
ముప్పై అంతస్తుల మీదికి అద్దాలను, ఇనుప దూలాలను
ఆ కుడి చేతి సైగతోనే ఎక్కించినోడు.
పై మంచం కమ్మీకి గిలక, కింద స్టూలు,
తాడు కొసలకు చీపురు కర్ర నరికిన రెండు ముక్కలు.
ముడి ఎవ్వర్నీ వేయనియ్యలే.
ఎడమ చేత్తో, పండ్లతో బిగించిండు.
ఎడమది గుంజితే కుడిది లేస్తది.
"ఎంత బరువున్నదిరా ఇది" అన్నడు మొదటిరోజు,
తన చెయ్యిని
ఎవరిదో సరుకును చూసినట్టు చూసి.

గోడ మీద వేళ్లు చీమ లెక్క పైకి పాకాలె.
లెవెల్ పెట్టి అంగుళానికొక గీత గీసిన,
వంకర గీత నాకు చాత కాదు.
నాలుగో గీత కాడ పదకొండు రోజులు ఆగింది.
రాత్రిళ్లు వాడు గోడ దిక్కు తిరిగి పండుకుంటడు.
ఏసీ పాతది, బాగా మోత.
దాన్ని బాగు చేయించుదామని ఎవరూ అనలే.

క్యాంప్ బాస్ తనిఖీకి వచ్చిన రోజు
గిలక మీద లుంగీలు ఆరేసినం.
కూలర్ పక్కన సీసాలు వరుసగా ఉన్నయి.
ఒకటి ఎత్తిండు. ఇసుక.
మా ముఖాలు చూసిండు, గోడ మీది గీతలు చూసిండు,
సీసాను అదే వరుసలో
తీసిన చోటే పెట్టి పోయిండు.

ఇప్పుడు ఆ జాగకు వంతులున్నయి.
తెల్లారగట్ల నా మోకాళ్లు,
రాత్రి సుబ్బరాయుడి నడుము.
మస్తాన్ వలికి నొప్పేం లేదు,
ఊకెనే వచ్చి పండుకుంటడు, చేతులు చాపుకొని,
రెండు దిక్కులా ఏదీ తగలకుంట.

పడకముందు రోజూ నన్ను లేపేది పోశెట్టే.
కింది మంచంలకెళ్లి లేచి
కుడి చేత్తో నా కాలి బొటనవేలు గుంజుతుండె.
ఈ ఐదు నెలలు మాత్రం
మిగిలిన చీపురు కర్రతో పొడిచి లేపిండు.

ఇయ్యాల మూడున్నరకు
పరుపు అంచున ఏదో కదిలింది.
వేళ్లు.
దుప్పటి మడతను పట్టుకొని, వదిలి,
ఇంకొంచెం పైకి పాకి, వణికి, ఆగినయి.
నా కాలికి జానెడు దూరం.

మెలకువైంది.
కాలు జర ముందుకు జరిపి అందిద్దామనుకున్న.
జరపలే.
కండ్లు మూసుకొని అట్లనే పండుకున్న.